దేవుణ్ణి నమ్మనివాడి గుడ్ ఫ్రైడే

మా విస్సన్నపేటలో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటికి అవుతుంది. మంచి ఎండలో, రేకుల కప్పు కింద, మూడు గంటలు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. అయ్యగారు ఒక్కరే మూడు గంటలు చెప్తే జనం నిద్రపోతారని కాబోలు, ఆ ఏడుగురిలో ఇద్దరు ముగ్గురు సంఘ పెద్దలు, ఒకరు ఆడవాళ్ళ తరఫున, ఒకరిద్దరు "చదువుకున్న కుర్రాళ్ళు" ఉంటారు. హైదరాబాద్ నుంచో బెంగుళూరు నుంచో సెలవుకి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ కోటాలో ఎప్పుడో ఒకప్పుడు పిలుపు రావడం ఖాయం. ఈ ఏడాది నాకు వచ్చింది. మొదటి మాట ఇచ్చారు. తనకి మేకులు కొడుతున్నవాళ్ళని క్షమించమని తండ్రిని అడిగే మాట.

చిక్కేమిటంటే, నేను దేవుణ్ణి నమ్మను.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో నమ్మడం ఆగిపోయింది. పెద్ద తిరుగుబాటేమీ లేదు. ఒక సెమిస్టర్‌లో ప్రార్థన చెయ్యడం మర్చిపోయాను, తర్వాత చూసుకుంటే లోటేమీ కనబడలేదు, అంతే. నీళ్ళు ద్రాక్షారసం అవడం, చచ్చినవాడు నాలుగో రోజు లేచి రావడం, మూడో రోజు ఖాళీ సమాధి... ఇవి జరగలేదనే నా అభిప్రాయం. అలా అని ఆ పుస్తకాన్ని పక్కన పడెయ్యలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మా నాయనమ్మ బియ్యం డబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

మా వైపు చర్చిల్లో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. ఇంట్లో వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. ఆదివారం అది చర్చికి వెళ్తుంది. అమ్మి ఆ డబ్బులు సంఘం ఖర్చులకి వాడతారు, లేదా అవసరమున్న ఇంటికి అలాగే ఇచ్చేస్తారు. ఇందులో గొప్ప ఏముంది అనిపిస్తుంది. మామిడి తోటల్లో కూలికెళ్ళే ఆవిడ, తన ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళొస్తాయో లెక్క చూసుకునే ఆవిడ, రోజుకి రెండుసార్లు, ఎవరూ చూడకుండా, ఆ లెక్కలోంచి ఒక పిడికెడు తగ్గించుకుంటుంది. నాయనమ్మకి చదువు రాదు. త్రిత్వం అంటే ఏంటని అడిగితే "అయ్యగారిని అడుగు" అనేది. ఆ బియ్యం ఈ వారం ఎవరింటికి వెళ్ళాయో మాత్రం పేరుతో సహా చెప్పేది.

ఆవిడ పోయాక ఆ డబ్బా అమ్మ చేతికొచ్చింది.

ఇక నాన్న. మెయిన్ రోడ్డు మీద చిన్న టైలరింగ్ షాపు ఉండేది. నాకు కులం సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు జరిగింది ఇప్పటికీ నాకు గుర్తే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట్లో హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు బీసీ-సి. ఎస్సీలకి 15 శాతం రిజర్వేషన్, బీసీ-సికి ఒక శాతం. కాబట్టి ఆదివారం చర్చిలో ఉన్నా కాగితం మీద హిందువుగా ఉండేవాళ్ళు మనకి తెలిసినవాళ్ళలోనే ఉంటారు. నేను వాళ్ళని తప్పు పట్టను. మతం మారినంత మాత్రాన హోటల్లో గ్లాసు మారలేదు, శ్మశానం మారలేదు, మరి హోదా ఎందుకు మారాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ నాన్న బీసీ-సి అనే రాయించాడు. "ఆదివారం ఒకటి, ఎమ్మార్వో ఆఫీసులో ఒకటి చెప్పడం నావల్ల కాదురా" అన్నాడు. అప్పట్లో నాకు చాలా కోపం వచ్చింది. ఆ నిజాయితీ ఖర్చు నా సీటు మీద పడింది కదా. తమాషా చూడండి, ఇప్పుడు ఆ సర్టిఫికెట్ మీద క్రైస్తవుడిగా ఉన్నది నమ్మకం లేని నేను :)

సరే, అసలు విషయానికొస్తాను. అద్భుతాలు వదిలేసి నీతి మాత్రం ఉంచుకోవచ్చా? ఈ ప్రశ్న నాకు కొత్తగా వచ్చింది కాదని చదివితే తెలిసింది. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం, 1820 ప్రాంతంలో, ప్రపంచానికి ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరు ఒకే పని చేశారు. అమెరికాలో థామస్ జెఫర్సన్ గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు సువార్తలు ముందు పెట్టుకుని, చాకుతో తనకి కావలసిన భాగాలు కోసి, వేరే పుస్తకంలో అతికించాడు. అక్షరాలా కట్ అండ్ పేస్ట్. అద్భుతాలు లేవు, పునరుత్థానం లేదు. సమాధికి రాయి అడ్డం పెట్టడంతో ఆయన పుస్తకం అయిపోతుంది. ఇక్కడ కలకత్తాలో రాజా రామమోహన్ రాయ్ 1820లో యేసు నీతి బోధలు మాత్రం ఏరి ఒక పుస్తకం వేశాడు. దానికి శాంతికీ సుఖానికీ మార్గదర్శి అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టాడు.

రాయ్ పుస్తకం మీద సేరంపూర్ మిషనరీలు మండిపడ్డారు. ముఖ్యంగా జాషువా మార్ష్‌మన్. క్రీస్తు దైవత్వం, ఆయన మన పాపాల కోసం చనిపోవడం తీసేస్తే మిగిలిన నీతికి విలువేముందని ఆయన వాదన. రాయ్ ఒకటి కాదు, మూడు జవాబులు రాశాడు. మూడోది వెయ్యడానికి బాప్టిస్టు ప్రెస్ ఒప్పుకోకపోతే సొంతంగా ప్రెస్సే పెట్టుకున్నాడు. మనలో ఎవరికీ అంత ఓపిక ఉండదు.

మొదట్లో నేను పూర్తిగా రాయ్ పక్షం. లెగసీ కోడ్‌లో ఎవరికీ అర్థం కాని పాత లైబ్రరీ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేసి బిల్డ్ కొడితే, పాసైపోతే, ఇన్నాళ్ళూ అనవసరంగా మోశామన్నమాట. దేవుడి సంగతీ అంతే అనుకునేవాణ్ణి. పొరుగువాణ్ణి ప్రేమించడానికి నీటి మీద నడవాల్సిన పనేముంది?

ఇప్పుడు అంత ఖచ్చితంగా చెప్పలేను. దానికి కారణం జెఫర్సనే. అంత శ్రద్ధగా అద్భుతాలు కోసేసిన మనిషి జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలని సొంత ఆస్తిగా పెట్టుకున్నాడు. అంటే పుస్తకంలోంచి నమ్మలేనివి తీసెయ్యడం ఒక సాయంత్రం పని. మిగిలినవే కష్టం. మనలాంటి చదువుకున్నవాళ్ళం మొదటి పని చేసి, రెండోది కూడా అయిపోయిందనుకుంటాం. యూనిట్ టెస్టులు రాయకుండానే బిల్డ్ పాసైంది అని సంబరపడటం లాంటిది.

మరి ఆ రెండో పని దేవుడు లేకుండా చేసినవాళ్ళు ఉన్నారా అంటే, ఉన్నారు. ఎక్కడో కాదు, మా జిల్లాలోనే.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం చాలామంది చూసే ఉంటారు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, బోటనీ లెక్చరరు. 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి మార్చారు. ఆయన నాస్తికత్వం దేవుడు లేడని వాదించడంతో ఆగిపోయే రకం కాదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తన కూతుర్ని దళితుడికిచ్చి సేవాగ్రామ్‌లో 1948లో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు వాడటానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి ఆయన లేరు. యేసు కొండ మీది ప్రసంగం సూటిగా తన గుండెకి తగిలిందని చెప్పుకున్న హిందువు, దేవుడే లేడన్న నాస్తికుడు, ఇద్దరూ ఒక దళితుడి పెళ్ళి దగ్గర కలిశారు. ఎవరు ఎవరి సిద్ధాంతం గెలిచిందని అడిగారో నాకు తెలీదు, అడిగి ఉండరనే అనుకుంటాను.

నా ప్రశ్నకి ఇంకా దగ్గరగా వచ్చేది గోరా కోడలు హేమలత గారి కథ. ఆవిడ గుర్రం జాషువా కూతురు. జాషువా గారికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది "క్రీస్తు చరిత్ర"కే. ఆయన సంగతి మీకు తెలిసిందే. అంటరానివాడని అటువాళ్ళు దూరం పెట్టారు, క్రైస్తవుడై ఉండి పురాణ కవిత్వం రాస్తాడా అని ఇటువాళ్ళు దూరం పెట్టారు. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయి నాస్తికుల ఇంటికి కోడలైంది, తనూ నాస్తికురాలే. 1970ల్లో భర్త లవణం గారితో కలిసి స్టువర్టుపురం వెళ్ళింది.

స్టువర్టుపురం అంటే మనకి దొంగలు, సినిమాలు. అసలు కథ వేరు. బ్రిటిష్ వాళ్ళు ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులుగా చట్టంలో రాసి, ఆ చట్టం కింద కట్టిన సెటిల్‌మెంట్ అది. నడిపింది రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ. బైబిల్ చేతిలో పట్టుకుని వచ్చినవాళ్ళే, పిల్లాడు పుట్టగానే వాణ్ణి దొంగ అనే చట్టాన్ని అమలు చేశారు. బడి పెట్టారు, పని చూపించారు, కాదనను. కానీ ఆ హాజరు పట్టీ కూడా వాళ్ళ చేతుల్లోనే ఉండేది. చట్టం 1952లో పోయింది, ముద్ర పోలేదు. అప్పుడు వెళ్ళింది దేవుడు లేడనే హేమలత, లవణం. జైల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మనుషుల్లా కూర్చుని మాట్లాడి, వేరే బతుకు చూపించే ప్రయత్నం చేశారు. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినీల కోసం పని చేశారు. యేసు పాపుల ఇళ్ళల్లో భోజనానికి కూర్చున్నాడని సువార్తల్లో పెద్దమనుషులు గొణుగుతారు కదా, ఆ భోజనం ఇరవయ్యో శతాబ్దంలో స్టువర్టుపురంలో జరిగితే, కూర్చున్నది నాస్తికులు.

కాబట్టి మార్ష్‌మన్ వాదన తప్పనే నాకనిపిస్తుంది. కానీ ఆయన వాదనలో ఒక నిజం దాక్కుని ఉంది. హేమలత, లవణం వాళ్ళు లైబ్రరీ తీసేసి ఊరుకోలేదు. దాని స్థానంలో ఇంకేదో పెట్టారు: ఒక కేంద్రం, కలిసి తినడం, కలిసి ఊళ్ళు తిరగడం, జీవితకాలపు పని. నేనేం పెట్టాను? నెలకి రెండు వేలు ఆటో డెబిట్. ఎవరికి వెళ్తుందో కూడా చూడను. నాయనమ్మ రోజుకి రెండుసార్లు గుర్తుచేసుకున్నదాన్ని నేను ఒక్కసారి సెట్ చేసి మర్చిపోయాను. డబ్బు లెక్కలో నాదే ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ చెయ్యి ప్రతి పూటా తెరుచుకునేది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ పుస్తకంలో నీతి అంతా నాకు నచ్చుతుందని కాదు. నమ్మనివాళ్ళకి నిత్యాగ్ని అన్న చోట నేను ఆగిపోతాను. నా స్నేహితుల్లో సగం మంది, ఇప్పుడు నేను కూడా, ఆ లెక్కన మంటల్లోనే :) దాన్ని అద్భుతాల పక్కనే పెట్టేశాను. ఏరుకోవడం తప్పు అంటారు కొందరు. ఏరుకోనివాళ్ళు ఎవరో నాకు చూపించండి. ఉన్నదంతా అమ్మి బీదలకివ్వమన్న మాటని పెద్ద పెద్ద విశ్వాసులే చాలా మర్యాదగా దాటేస్తారు.

మళ్ళీ ఆ మొదటి మాట దగ్గరికి. అయ్యగారింటికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. "అయ్యగారూ, నాకు నమ్మకం లేదండీ. ఇంకెవరికైనా ఇవ్వండి." ఆయన కాసేపు ఏమీ అనలేదు. అమ్మగారు టీ తెచ్చి పెట్టి లోపలికెళ్ళారు. చివరికి "నువ్వు నమ్మనిది నమ్ముతున్నట్టు చెప్పొద్దు. నమ్మేవాళ్ళని చిన్నబుచ్చొద్దు. ఈ రెండూ చాలు" అన్నారు. తర్వాత ఆగి, "ఆ మాట మీద మాట్లాడ్డానికి నీకు అడ్డం వచ్చేది నమ్మకం ఒక్కటేనా బాబూ?" అన్నారు.

కాదు. ఆయనకి తెలుసు, ఊరందరికీ తెలుసు.

నాన్న ఒక స్నేహితుడికి ఫైనాన్స్ అప్పులో ష్యూరిటీ సంతకం పెట్టాడు. మా చర్చి మనిషే, ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన కట్టలేదు, కొన్నాళ్ళు కనబడకుండా పోయాడు కూడా. మాకున్న అరెకరం మామిడి తోట పోయింది. అందులో చిన్నరసాలు ఉండేవి, నాయనమ్మ కూలి డబ్బులతో కొన్న నేల. ఆయన తిరిగొచ్చాక నాన్న ఒక్క మాట అడగలేదు. నేను గొడవ పెట్టుకుంటే, "రోజూ ప్రార్థనలో ఏమంటున్నాం రా?" అన్నాడు. మత్తయి సువార్త తెలుగులో ఆ ప్రార్థన దగ్గర పాపం అనే మాట లేదు, ఋణం అనే ఉంది. మనం అక్కడ పాపాలు అనుకుని చదివేసుకుంటాం. నాన్న టైలరు కదా, కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటాడు. ఋణం అంటే ఋణమే అనుకున్నాడు.

నాన్న పోయినప్పుడు ఆయన పెట్టె మొయ్యడానికి వచ్చాడు. నా ముందు పట్టుకున్నాడు. నేను మనిషిని మార్చమన్నాను. అందరి ముందు. అది జరిగి రెండేళ్ళు.

ఇక్కడ నమ్మకం ఉన్నవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది, అసూయగానే చెప్తున్నాను. వాళ్ళకి పైన లెక్క చూసేవాడు ఒకడున్నాడు. ఇక్కడ వదిలేసింది అక్కడ ఎక్కడో జమ అవుతుంది. నాన్నని మళ్ళీ కలుస్తానని అమ్మ అనుకుంటుంది. నాకు ఆ పద్దు లేదు. నేను వదిలేస్తే ఆ అరెకరం ఎక్కడా జమ కాదు, పోయినట్టే. సిలువ మీదున్న మనిషి కనీసం తండ్రిని అడిగాడు క్షమించమని. నేనెవరిని అడగాలి? నేనే చెయ్యాలి. అద్భుతాలు తీసేస్తే నీతి తేలికవుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ ఒక్క చోట మాత్రం బరువు పెరిగింది.

చివరికి మాట్లాడాను. పది నిమిషాలు. దేవుడి గురించి ఏమీ చెప్పలేదు. నాయనమ్మ బియ్యం గురించి, నాన్న ఋణం అనే మాటని ఎలా చదివాడో దాని గురించి చెప్పాను, పేర్లు లేకుండా. "నేను మా నాన్న చేసింది చెయ్యలేదు" అని కూడా చెప్పాను. పెట్టె సంగతి చెప్పలేదు, అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కిందికి దిగాక రెండో మాట మొదలైంది.

మూడింటికి అందరికీ మజ్జిగ ఇస్తారు. కుర్రాళ్ళు పోస్తారు, ఆ పని ఎప్పుడూ మాదే. వరసలో ఆయన వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఏదో అనబోయాడు, "మీ నాన్న..." అని ఆగిపోయాడు. వెనక జనం ఉన్నారు. "ఎండగా ఉంది, ఇంకో గ్లాసు తాగండి బాబాయ్" అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకు తెలీదు, చాలా ఏళ్ళైంది వాడి. ఆయన రెండో గ్లాసు తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

క్షమించానా అని అమ్మ ఆ రాత్రి అడిగింది. తెలీదన్నాను. తోట ఇప్పుడు వేరేవాళ్ళది, ఆ దారిన బైక్ మీద వెళ్తే నాకింకా మండుతుంది. అమ్మ పొద్దుటికి బియ్యం కొలుస్తోంది, నన్ను డబ్బా మూత తియ్యమంది.